జారే చక్రానికి బ్రేకు

పిల్లలూ, మోటారు బండి బురదలో దిగబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక చక్రం గిర్రున తిరుగుతూ, వెనక నిలబడ్డవాళ్ల బట్టలనిండా బురద చిమ్ముతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న చక్రం గట్టి నేలమీదే ఉంటుంది. ఐనా అది కదలదు, మెదలదు. ఇంజను మాత్రం గొంతు చించుకుని అరుస్తూంటుంది. పని చెయ్యగల చక్రం ఊరికే కూర్చుని, పని చెయ్యలేని చక్రం ఇంత హడావిడి చెయ్యటమేమిటి?

క్రిందటి శ్రావణమాసంలో మా మనవడు సరిగా ఇదే ప్రశ్న నన్ను అడిగాడు. అప్పుడు మేమిద్దరం పల్నాడులో ఒక డొంకలో, చీలమండల లోతు బురదలో నిలబడి ఉన్నాం.

మా మనవడికి 19 ఏళ్లు. లైసెన్సు వచ్చి నాలుగు నెలలే ఐంది. (18 నిండనిదే మన దేశంలో కారు నడిపే లైసెన్సు ఇవ్వరు. మీరు తొందరపడవద్దు.) వాళ్ల నాన్న కొన్నది జీపులాంటి బండి. కావాలంటే దాని నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పగలదు. దానికి తోడు అందులో ట్రాక్షన్ కంట్రోల్ అనే ఏర్పాటు కూడా ఉన్నది. ట్రాక్షన్ అంటే చక్రానికి నేలమీద ఉండే పట్టు. ఆ పట్టు జారిపోకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. "ఇది ఉంటే బండి ఎక్కడికైనా పోతుంది, తాతయ్యా," అన్నాడు మా వాడు బయలుదేరేటప్పుడు. పట్టు ఎంత కావలిస్తే అంత యంత్రమే పుట్టిస్తుందని వాడి ఉద్దేశం. పెద్దవాళ్లలోనూ ఇలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

పొలం చూసి తిరిగి వస్తూండగా వాన దంచి కొట్టింది. నల్లరేగడి సంగతి ఆ ప్రాంతపు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చి, రాయిలాగా ఉండే నేల ఒక్క వానకు వెన్న ఐపోతుంది. నాలుగడుగులు వేస్తే ఒక్కొక్క చెప్పుకు శేరు మట్టి అంటుకుంటుంది. టైరుకూ అంతే. నేలను పట్టుకోవటానికని టైరు చుట్టూ గాడులు ఉంటాయి గదా? ఆ గాడులన్నీ మట్టితో పూడిపోయి, టైరు పొత్రంలాగా నున్నగా తయారైంది.

డొంక మలుపులో మా బండి ఎడమ చక్రాలు రెండూ ట్రాక్టర్లు తొక్కిన గాడిలోకి దిగాయి. కుడి చక్రాలు గట్టుమీద, గడ్డిలో ఉన్నాయి. మా వాడు యాక్సిలరేటర్ తొక్కాడు. ఎడమ చక్రాలు గిర్రున తిరిగాయి. వాడి ఎదుట, జారుతున్న కారు బొమ్మ గల పసుపుపచ్చ దీపం టపటపా వెలిగి ఆరసాగింది. బండి కింద కటకటమని చప్పుడు. మా వాడు హడలిపోయి కాలు తీసేశాడు. దీపం ఆరింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ దీపం, మళ్లీ కాలు తీశాడు. ఇలా ఐదారుసార్లు జరిగాక, "బండిలో ఏదో పాడైంది," అంటూ ఆ బొమ్మే ఉన్న మీట ఒకటి నొక్కాడు. కటకట ఆగింది. ఈసారి యాక్సిలరేటర్ బలంగా తొక్కేసరికి ఎడమ చక్రాలు తమ గొయ్యి తామే తవ్వుకుని, బండి పొట్ట నేలకు ఆనేదాకా దిగబడ్డాయి.

పాడైంది ఏమీ లేదు. ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తున్నదని చెప్పటానికే ఆ దీపం వెలిగింది. పని చేస్తున్నదాన్ని మా వాడు తన చేత్తోనే ఆపేశాడన్నమాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాన్ని లాగేవి ఎడ్లు. నేలను పట్టుకునేవి వాటి గిట్టలు. చక్రాలు ఊరికే వెనక దొర్లుకుంటూ వస్తాయి, ఏ చక్రం దారి దానిది. మోటారు బండికి ఎడ్లు లేవు. చక్రమే నేలను వెనక్కు తన్ని బండిని ముందుకు పంపాలి. ఒక్క ఇంజను రెండు చక్రాలను తిప్పాలి.

రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే పోదా అంటారేమో. మీరు బళ్లో డ్రిల్లు చేసేటప్పుడు వరస మలుపు తిరగటం గమనించారా? లోపలి కొసన ఉన్నవాడు దాదాపు నిలబడ్డచోటనే అడుగులు వేస్తాడు. బయటి కొసన ఉన్నవాడు పెద్ద పెద్ద అంగలు వెయ్యాలి. బండి మలుపు తిరిగేటప్పుడు కూడా బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటే ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోయి, టైరు అరిగిపోతుంది, బండి సరిగా తిరగదు. అందుచేత ఇరుసును మధ్యకు కోసి, అక్కడ నాలుగు పళ్లచక్రాలతో ఒక ఏర్పాటు పెట్టారు. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు 1820ల ఆఖరున ఆవిరి బండి కోసమని దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ దాదాపు ప్రతి కారులోనూ, లారీలోనూ, ట్రాక్టరులోనూ ఇది ఉంటుంది.

డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ వేరు వేరు వేగాలతో తిరగనిస్తుంది గాని, ఇంజను బలాన్ని మాత్రం రెంటికీ సరిసమానంగా పంచుతుంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఇద్దరు పిల్లలకు సమంగా పంచి తీరాలని పట్టుబట్టిన నాయనమ్మ సంగతి చూడండి. ఒకడు పావు లడ్డుతో "ఇక చాలు" అంటే, రెండోవాడు ఎంత ఆకలిమీద ఉన్నా వాడికీ పావు లడ్డే! బురదలోని చక్రం ఆ మొదటివాడిలాంటిది. కాస్త బలం ఇవ్వగానే జారిపోతుంది. అంతకు మించి అది పుచ్చుకోలేదు. అది పుచ్చుకోలేకపోతే, గట్టినేలమీది చక్రానికి కూడా అంతకు మించి అందదు.

ఇది నమ్మకం కలగకపోతే మీ ఇంట్లోనే చెయ్యండి. బల్లమీద ఒక స్కేలు అడ్డంగా పెట్టండి. దాని ఎడమ కొసకు ఆనించి ఒక ఖాళీ అగ్గిపెట్టె, కుడి కొసకు ఆనించి ఒక బరువైన పుస్తకం ఉంచండి. స్కేలును సరిగ్గా మధ్యలో ఒక వేలితో మెల్లగా ముందుకు తొయ్యండి. అగ్గిపెట్టె జారిపోతుంది, స్కేలు పక్కకు తిరుగుతుంది, పుస్తకం ఉన్నచోటనే ఉంటుంది. అగ్గిపెట్టె మన బురద చక్రం. ఇప్పుడు అగ్గిపెట్టె కదలకుండా రెండో చేతివేలు దానికి అడ్డం పెట్టి, మళ్లీ మధ్యలో తొయ్యండి. పుస్తకం కదులుతుంది! మీరు పుస్తకాన్ని ముట్టుకోలేదు, దాని వైపు బలం అదనంగా పెట్టలేదు. అవతలివైపు అడ్డుకున్నారు, అంతే.

మేము డొంకలో నిలబడి ఉండగా ఒక ట్రాక్టరు వచ్చింది. తోలే ఆయన నాకంటె ఏ ఐదేళ్లో చిన్న. దిగి వచ్చి, గొయ్యి చూసి, "ఇంజను పీక పిసికితే లాభం లేదు బాబూ, ఇంకా లోపలికి పోద్ది," అన్నాడు.

"మరి మీ ట్రాక్టరు దిగబడదా, బాబాయ్?" అని అడిగాడు మా వాడు.

"దిగబడకేం! దా, చూపిస్తా."

ఆయన వాణ్ణి సీటు దగ్గరకు తీసుకుపోయి కుడికాలి దగ్గర పక్కపక్కన ఉన్న రెండు బ్రేకులు చూపించాడు. కుడి పెద్ద చక్రానికి ఒకటి, ఎడమ పెద్ద చక్రానికి ఒకటి. రోడ్డుమీద పోయేటప్పుడు ఆ రెంటినీ కలిపి గడియ వేస్తారు. వెయ్యకుండా వేగంమీద ఒక్కటే తొక్కితే ట్రాక్టరు తిరగబడుతుంది. పొలంలో గడియ తీస్తారు.

"మళ్లో ఒక చక్రం ఊరికే తిరుగుతుందనుకో. ఆ పక్క బ్రేకు ఒక్కటే కాస్త నొక్కుతా. రెండోది పట్టుకుంటది," అన్నాడాయన.

"ముందుకు పోవటానికి బ్రేకా!" అన్నాడు మా వాడు నోరు తెరిచి.

నేను ముప్పై ఏళ్లు బళ్లో రాపిడిని గురించి పాఠం చెప్పాను. ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేదు. ఆయన తన మడమ దగ్గరున్న ఇంకో మీట కూడా చూపించాడు. అది తొక్కితే డిఫరెన్షియల్ బిగిసిపోయి రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి. దాన్ని డిఫ్ లాక్ అంటారు. తిన్నగా పోయేటప్పుడే అది వాడాలి, మలుపులో వాడరాదు. ఎందుకో మీకు ఇందాకటి డ్రిల్లు వరస చెబుతుంది.

ట్రాక్టరు ఆయన కాలితో చేసే పనినే మా బండిలో ఒక చిన్న కంప్యూటరు చేస్తుంది. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్లబిళ్ల, దాని పక్కన ఒక సెన్సారు ఉంటాయి. ఎన్ని పళ్లు దాటిపోయాయో సెన్సారు లెక్కపెట్టి చెబుతూంటుంది. ఒక చక్రం మిగిలినవాటికన్న బాగా ఎక్కువ తిరుగుతుంటే అది జారుతున్నదన్నమాట. వెంటనే కంప్యూటరు ఆ ఒక్క చక్రానికే బ్రేకు పట్టి, వదిలి, మళ్లీ పడుతుంది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. మేము విన్న కటకట శబ్దం ఆ బ్రేకులదే.

లెక్క వేసి చూడండి. బండి కదలటానికి వెనక జతనుంచి 100 పాళ్ల బలం కావాలనుకుందాం. బురద చక్రం 20 పాళ్లకే జారిపోతుంది. అప్పుడు రెండోదానికీ 20 పాళ్లే గనక మొత్తం 40. బండి కదలదు. బురద చక్రాన్ని బ్రేకు 70 పాళ్ల బలంతో పట్టుకుంటే? ఆ వైపు 20, 70 కలిసి 90 పాళ్లు పడుతుంది. సమంగా పంచాలి గనక గట్టినేల చక్రానికి కూడా 90 అందుతుంది. బురద చక్రం నేలకిచ్చే 20తో కలిపి 110. బండి కదిలింది! ఐతే బ్రేకు తినేసిన ఆ 70 పాళ్లు ఎక్కడికీ పోలేదు, వేడిగా మారింది. అందుకే ఈ ఏర్పాటును ఎక్కువసేపు వాడితే బ్రేకులు కాలిపోయేటంత వేడెక్కుతాయి. అలాంటప్పుడు చాలా బండ్లలో కంప్యూటరే పని మానేస్తుంది, చల్లారేదాకా ఆగాలి.

చక్రం జారకుండా యంత్రంతో అదుపు చెయ్యటం కొత్త ఆలోచన కాదు. 1971 లోనే అమెరికాలో బ్యూక్ కంపెనీ మాక్స్ ట్రాక్ అనే ఏర్పాటును తన కార్లలో పెట్టింది. అది బ్రేకు జోలికి పోదు, వెనక చక్రాలు జారితే ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. 1978 లో జర్మనీలో బాష్ కంపెనీ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. అనే ఏర్పాటును తెచ్చింది. చక్రాల వేగం కొలిచే సెన్సార్లూ, బ్రేకు ఒత్తిడిని మార్చే కవాటాలూ అందులో ఉండనే ఉన్నాయి. వాటినే మరికాస్త పెంచితే ట్రాక్షన్ కంట్రోల్ ఐంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు.

ఇప్పటి బండ్లలో రెండు పనులూ ఉంటాయి. జారే చక్రానికి బ్రేకు వెయ్యటం ఒకటి, ఇంజను బలం తగ్గించటం రెండోది. తడిసిన తారు రోడ్డుమీద రెండోది ప్రాణరక్షణ. ఇసుకలో మాత్రం అదే శత్రువు. సూర్యలంకలాంటి సముద్రతీరంలో పొడి ఇసుకమీద బండి ఊపుమీదే పోవాలి, చక్రాలు కొంచెం జారుతూనే ఉంటాయి. జారగానే కంప్యూటరు ఇంజను గొంతు నొక్కితే ఊపు చచ్చి బండి అక్కడే కూరుకుంటుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు లోతు ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ ఆపుతారు. బండిలో ఇసుకకు వేరే అమరిక ఉంటే అది పెట్టుకుంటారు. టైర్లలో గాలి కూడా 30 పాయింట్లకు పైన ఉన్నదాన్ని 18 దాకా తగ్గిస్తారు. ఒంటె కాలిలాగా టైరు పరుచుకుని, బరువు ఎక్కువ చోటుమీద పడుతుంది. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపి తీరాలి. ఐతే జనవరి నుంచి మార్చి దాకా మన ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. బండి తోలటం నేర్చుకోవటానికి ఆ ఇసుకే కావాలా అని మా వాడితో ఒకసారి పోట్లాడాను.

సరే, బురదలో ఉన్న మా బండి సంగతి. ట్రాక్టరుతో లాగనక్కర లేకపోయింది. మా వాడు పార తీసుకుని చక్రాల ముందు ఏటవాలుగా మట్టి తీశాడు, పొట్ట కింద మట్టి కూడా తీశాడు. గట్టుమీద పోగు పెట్టిన నిరుటి పత్తికట్టె తెచ్చి గాడిలో పరిచాం. (తుమ్మకంప మాత్రం పరచకండి, టైరు పంక్చరవుతుంది.) టైర్ల గాడుల్లో మట్టి పుల్లతో గీకాం. మీట మళ్లీ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్‌కు ప్రాణం పోశాడు. నాలుగు చక్రాలకూ బలం అందేటట్టు, చిన్న గేరులో పెట్టాడు. నేనూ ట్రాక్టరు ఆయనా దూరంగా పక్కకు పోయి నిలబడ్డాం. తిరిగే చక్రం ముందుగాని వెనకగాని మనిషి ఉండరాదు; కట్టెలూ రాళ్లూ తుపాకి గుండులాగా వస్తాయి. తాడుతో లాగేటప్పుడైతే పిల్లలు తాడు పొడుగుకు రెండింతల దూరం పోవాలి.

"దీపం వెలిగితే కాలు తియ్యకు. పెంచకు, తగ్గించకు. అలాగే ఉంచి కొంచెంసేపు చూడు," అన్నాను.

ఇది కొత్తవాళ్లకు చాలా కష్టం. చక్రం జారటం తెలియగానే కాలు దానంతట అదే లేస్తుంది, లేకపోతే ఇంకా గట్టిగా తొక్కుతుంది. జారే చక్రాన్ని బ్రేకు పట్టుకుని, బలం అవతలికి చేరటానికి ఒకటి రెండు సెకన్లు కావాలి. అంతలో కాలు లేస్తే పంచటానికి బలమే ఉండదు. మా వాడు పళ్లు బిగించి కాలు కదలకుండా ఉంచాడు. దీపం టపటపలాడింది, కటకట మొదలైంది, ఎడమ చక్రాలు నెమ్మదించాయి. ఇంతసేపూ ఊరుకున్న కుడి చక్రాలు గడ్డిలో మెల్లగా తిరిగాయి. బండి పక్కకు ఒరిగి, ఒక్క ఊపున గట్టెక్కింది.

మా వాడి సంతోషం చూడవలసిందే! నాకు మాత్రం ఆ సంతోషమే భయం వేసింది. ఎందుకో అరగంటలో తెలిసిపోయింది.

డొంక దాటాక ఒక వాగు ఉన్నది. వచ్చేటప్పుడు దాని చప్టామీద చుక్క నీరు లేదు. ఇప్పుడు ఎర్రటి నీరు చప్టామీదుగా పొర్లుతూ, అంచురాళ్లు సగం మునిగి ఉన్నాయి. చీకటి పడబోతున్నది.

"అడుగున్నర లోతుంటుందేమో, తాతయ్యా. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నది. కాలు కదపకుండా తిన్నగా పోతాను," అన్నాడు మా వాడు.

నేను వాణ్ణి తిట్టలేదు. ఎరువుల కొట్టు బిల్లు వెనక ఒక లెక్క వెయ్యమన్నాను. మీరూ వెయ్యండి. బండి పొడుగు 4 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు. పొట్ట నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. నీటి లోతు 45 సెంటీమీటర్లు. అంటే బండి సుమారు 20 సెంటీమీటర్లు మునుగుతుంది. అది తొలగించే నీరు 4 × 1.7 × 0.2, అనగా 1.36 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం బండిని నీరు 1360 కిలోల బలంతో పైకెత్తుతుంది. బండి బరువు 1700, మేమిద్దరం 130, మొత్తం 1830. నేలమీద మిగిలింది 470 కిలోలు. ఒక్కో చక్రంమీద 120 కిలోలు కూడా లేదు! పైగా వాగు ఊరుకోదు, పక్కనుంచి నెడుతుంది. తలుపుల సందుల్లోంచి నీరు లోపలికి వస్తే బండి బరువెక్కుతుంది, నిజమే. కాని అప్పటికి ప్రవాహం దాన్ని చప్టా దించేసి ఉంటుంది.

చక్రానికి పట్టు ఎక్కడిది? నేలను నొక్కే బరువునుంచీ, నేల గరుకునుంచీ వస్తుంది. ఉన్న పట్టును ఏ చక్రం దగ్గర వాడుకోవాలో మాత్రమే కంప్యూటరు చూస్తుంది. నీరు బరువును ఎత్తుకుపోయాక అది ఎవరికి ఏమి పంచుతుంది? ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, రెండడుగులు వస్తే పెద్ద బండ్లు కూడా చాలావరకు కొట్టుకుపోతాయి. ఏటా వానాకాలంలో మన రెండు రాష్ట్రాలలోనూ వాగు దాటబోయి కార్లతో సహా కొట్టుకుపోయినవాళ్ల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మీ నాన్నగారు గాని, అన్నయ్య గాని స్టీరింగు పట్టుకుని ఇలాంటి చోట ఆగితే, ఈ లెక్క వాళ్లకు చెప్పటానికి మొహమాటపడకండి.

మా వాడు లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాడు. తరవాత మాట్లాడకుండా బండి వెనక్కు తిప్పాడు. ఆ రాత్రి ట్రాక్టరు ఆయన ఇంటి వసారాలోనే పడుకున్నాం. ఇంటికి ఫోను చేస్తే మా కోడలు నన్నే కోప్పడింది. ఆ ఇంటి ఇల్లాలు వేడి అన్నంలో గోంగూర పచ్చడి వేసి పెట్టింది.

తెల్లవారాక వాగు దగ్గరకు నడిచి వెళ్లి చూశాం. నీరు తీసింది. చప్టా నడిమధ్యన ఎడ్లబండి పట్టేటంత ముక్క లేచిపోయి, అక్కడ నడుములోతు గుంట ఉన్నది. ముందు సాయంత్రం ఆ ఎర్రనీటి కింద అది మాకు కనపడే అవకాశమే లేదు. చుట్టుతోవన పెద్ద వంతెన మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. మా వాడు అన్నం కూడా తినకుండా ఒక పుల్ల పట్టుకుని, టైర్ల గాడుల్లో ఎండిపోయిన నల్లమట్టిని గీకుతూ కూర్చున్నాడు.